మీ సంతకం చాలు

పోయిన సంచికలో కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఏ మందు మంచిది, ఏది పడదు అని అడిగినవాళ్లు తక్కువ. "అడిగితే ఇస్తారా?", "ఎవరి పర్మిషన్ కావాలి?", "చట్టం ఒప్పుకుంటుందా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ప్రకాశం జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో), ఆ తర్వాత ఏరియా ఆసుపత్రుల్లో ప్రసూతి డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మందు అలమరాలో ఉండి కూడా ఆడవాళ్ల చేతికి అందకపోవడం కళ్లారా చూశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ప్రశ్నలకే. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. కొన్నిచోట్ల ఊళ్లు కూడా మార్చాను.

ప్రశ్న: మేడమ్, నాకు 25 ఏళ్లు. బాబుకి ఏడాదిన్నర. మావారు కువైట్‌లో ఉంటారు, వచ్చే నెల సెలవు మీద వస్తున్నారు. ఇప్పుడే రెండో కాన్పు వద్దనుకుని కాపర్-టి వేయించుకుందామని టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. "మీవారి సంతకం కావాలి" అన్నారు. ఫోన్లో మాట్లాడిస్తానంటే కుదరదన్నారు. పోనీ అత్తగారిని తీసుకురమ్మన్నారు. ఆవిడకి తెలిస్తే ఇంట్లో గొడవే. చట్టంలో నిజంగా అలా ఉందా? (ఒక సోదరి, రాయచోటి ప్రాంతం)

జవాబు: లేదమ్మా. ఏ చట్టంలోనూ లేదు, ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేదు. కాపర్-టికి మీరు ఒప్పుకుంటే చాలు. ఆయన కువైట్‌లో ఉన్నా, మీ పక్కనే కూర్చున్నా ఇందులో తేడా రాదు.

కాపర్-టి అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే సాధనం, లూప్ అని కూడా అంటారు. దాన్ని ఎప్పుడంటే అప్పుడు తీయించుకోవచ్చు. శాశ్వతమైన కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌కి కూడా భార్యాభర్తల్లో రెండోవారి సంతకం అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాల్లోనే రాసి ఉంది. ఆ ఆపరేషన్‌కి పెట్టిన షరతులు వేరు. పెళ్లయి ఉండాలి, ఆడవాళ్లకైతే 22 నుంచి 49 ఏళ్ల మధ్య వయసుండాలి, ఏడాది నిండిన బిడ్డ కనీసం ఒకరుండాలి. ఎప్పుడైనా మీ బంధువుల్లో ఎవరైనా ఆ ఆపరేషన్‌కి వెళ్తే ఒప్పుకోలు పత్రాన్ని చదివించుకోమనండి. ఎవరి ఒత్తిడీ లేకుండా నా అంతట నేనే నిర్ణయించుకున్నాను, వేరే పద్ధతులు ఉన్నాయని నాకు తెలుసు, ఇది శాశ్వతమని తెలుసు, అరుదుగా ఫెయిలయ్యే అవకాశం ఉందని తెలుసు అని వరసగా ఉంటాయి. కింద సంతకం ఆపరేషన్ చేయించుకునేవాళ్లదే. చదువు రానివాళ్లకి వాళ్ల భాషలో చదివి వినిపించాలి.

మరి నర్సింగ్ హోములు ఎందుకు అడుగుతాయి? రేపు ఇంట్లోవాళ్లు వచ్చి గొడవ చేస్తారని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నేను పీహెచ్‌సీలో ఉండగా ఒకాయన ఓపీ గదిలోకి వచ్చి "మమ్మల్ని అడక్కుండా మా కోడలికి లూప్ ఎలా వేశారు?" అని బల్ల గుద్దాడు. మా స్టాఫ్ నర్సు కూర్చున్న చోటి నుంచి లేవలేదు, గొంతు పెంచలేదు. రిజిస్టరు తెరిచి ఆ అమ్మాయి వేలిముద్ర ఉన్న వరస మీద చెయ్యి పెట్టి "ఆవిడ అడిగింది, మేం వేశాం. ఆవిడ తీయమంటే తీస్తాం. ఇంకెవరు చెప్పినా తీయం" అంది. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లకి జవాబు చెప్పాల్సి వస్తే ఆసుపత్రి చెప్పాలి. ఆ బరువు తీసుకెళ్లి పేషెంటు మీద పెట్టకూడదు.

మీరు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి గానీ ఏరియా ఆసుపత్రికి గానీ వెళ్లండి. ఉచితం. నెలసరి మొదలైన మొదటి వారంలో వెళ్తే గర్భం ఉందేమో అన్న అనుమానం లేకుండా పని సులువుగా అవుతుంది. రెండు రకాలున్నాయి. 380-ఎ పదేళ్లు పనిచేస్తుంది, 375 అయిదేళ్లు. ఏది వేశారో, ఎప్పుడు వేశారో, ఎప్పటికి తీయాలో రాసిన కార్డు అడిగి తీసుకోండి. చాలామంది ఆ కార్డు పారేసుకుంటారు, తర్వాత తీయించుకునే ఏడాది గుర్తుండక అవస్థ పడతారు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వాసనతో తెల్లబట్ట ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా ముందు అది తగ్గించుకోవాలి. ఇంకో మాట, వచ్చే కాన్పు ఆసుపత్రిలోనే అవుతుంది కదా, కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకునే వీలుంది. నెలలు నిండకముందే చెప్పి ఉంచాలి.

మీవారితో మాట్లాడమనే నేనూ చెబుతాను. అది మీ ఇద్దరి మంచి కోసం. ఆసుపత్రివాళ్లు మాత్రం దాన్ని షరతుగా పెట్టడానికి వీల్లేదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. వయసు 24, పెళ్లి కాలేదు. కండోమ్ చిరిగిపోవడంతో పొద్దున్నే మెడికల్ షాపుకి వెళ్లి ఎమర్జెన్సీ పిల్ అడిగాను. డాక్టర్ చీటీ కావాలన్నారు. రెండో షాపులో అందరి ముందూ "పెళ్లయిందా?" అని అడిగారు. ఇంకో షాపులో దొరికి వేసుకునేసరికి మర్నాడు సాయంత్రమైంది. పనిచేస్తుందా? ఒకవేళ నెల తప్పితే పెళ్లికాని అమ్మాయినని డాక్టర్లు చూడరా? ఇంట్లో చెప్తారా, పోలీసులకి చెప్తారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకో తల్లీ. నువ్వు వేసుకున్నది లెవోనార్‌జెస్ట్రెల్ మాత్ర. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. నువ్వు గడువు లోపలే ఉన్నావు. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి, అలా కాకపోతే ఇంకో మాత్ర అక్కర్లేదు. ఈసారి నెలసరి కాస్త ముందో వెనకో రావచ్చు. వారం దాటినా రాకపోతే మూత్ర పరీక్ష చేసుకో. ఇది అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేసే మందు కాదు. అండం విడుదలను ఆపడమో ఆలస్యం చేయడమో చేస్తుంది, అంతే. నెల నెలా దీని మీద ఆధారపడటం మంచిది కాదు. రోజూ వేసుకునే మాత్రలు దీనికన్నా నమ్మకమైనవి.

ఇక షాపుల సంగతి. ఈ అత్యవసర మాత్రను డాక్టర్ చీటీ లేకుండా అమ్మవచ్చని 2005 నుంచీ ఉంది. పెళ్లి గురించి అడగమని ఏ నిబంధనా చెప్పదు. షాపులవాళ్లు చాలామంది దీన్ని అబార్షన్ కిట్‌తో కలిపేసుకుంటారు. అది వేరు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ కలిసిన ఆ కిట్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం నేరం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వస్తే దొరికిపోతామన్న భయంతో రెండింటినీ ఒకే గాటన కట్టి అసలు తెప్పించడమే మానేసిన షాపులున్నాయి.

ఇక్కడ చట్టం సగం దూరమే వస్తుంది. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం షాపులో ఉన్న మందును కొనడానికి వచ్చినవాళ్లకి అమ్మననడానికి వీల్లేదు. చీటీ కావాల్సిన మందులకి చీటీ చూపించాలి, అంతే తేడా. అంటే లోపల పెట్టుకుని నీకు ఇవ్వననడం తప్పు. జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఈ మాత్రను తెప్పించి ఉంచి తీరాలని ఏ షాపుకీ చట్టం చెప్పదు. 72 గంటల మందుకి ఇది చిన్న లోపం కాదు. నీకు జరిగింది హైదరాబాద్‌లో, షాపు పక్కన షాపు ఉన్న ఊళ్లో. ఒక్కటే మెడికల్ షాపున్న మండలంలో అమ్మాయి ఏం చేస్తుంది? ఆశా కార్యకర్త దగ్గర ఇదే మాత్ర ఉంటుందని ఊళ్లలో చాలామందికి తెలియదు.

నెల తప్పితే ఏమిటన్నది నీ రెండో భయం. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలో గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న కారణం "వివాహిత లేదా ఆమె భర్త"కే వర్తించేలా రాశారు. 2021 సవరణలో ఆ చోట "ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి" అని మార్చారు. ఆ ఏడాది సెప్టెంబర్ 24 నుంచి అమల్లో ఉంది. ఈ కారణం మీద 20 వారాల వరకూ ఒక్క రిజిస్టర్డ్ డాక్టర్ అభిప్రాయం చాలు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు 25 ఏళ్ల పెళ్లికాని అమ్మాయి కేసులో, 20 నుంచి 24 వారాల మధ్య ఇచ్చే సదుపాయం విషయంలోనూ పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ తేడా చూపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి సొంత అంగీకారం చాలు. మీ అమ్మానాన్నలకి గానీ పోలీసులకి గానీ డాక్టర్ చెప్పక్కర్లేదు. పైగా నీ వివరాలు బయటపెడితే ఏడాది వరకూ జైలు శిక్ష ఉంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకో, ఎవరైనా బెదిరిస్తే పనికొస్తాయి.

ప్రశ్న: మేడమ్, నేను పార్వతీపురం వైపు ఆశా కార్యకర్తని. నిరోధ్ కండోములు, ఛాయా గర్భనిరోధక మాత్రలు ఒక నెల వస్తే ఒక నెల రావు. మాత్రలకి అలవాటు పడినవాళ్లకి ఒక నెల ఇచ్చి మరుసటి నెల లేవంటే నా మీద నమ్మకం పోతోంది. చివరికి "ఆపరేషన్ చేయించుకోండి" అనడమే మిగులుతోంది. ఇప్పుడు పిల్లల్ని ఎక్కువ కనమని ప్రభుత్వమే అంటోంది కదా, ఇక ఇవన్నీ ఆపేస్తారా అని ఊళ్లో అడుగుతున్నారు. ఇవి ఇచ్చి తీరాలని ఒక చట్టం లేదా?

జవాబు: లేదమ్మా. నా బాధంతా అదే.

ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన మొదటి దేశం మనది. 1952లో మొదలైంది. 1968లో నిరోధ్ తెచ్చి, మూడు పదిహేను పైసలకి కిరాణా కొట్లలో కూడా అమ్మించారు. వారానికో మాత్రగా వాడే ఛాయాను కనిపెట్టింది లక్నోలోని మన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థే. 1991లో సహేలి పేరుతో బజారులోకి వచ్చింది, ప్రభుత్వ ఆసుపత్రులకి ఛాయా పేరుతో చేరడానికి పాతికేళ్లు పట్టింది. మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ 2017లో వచ్చింది. 2011 నుంచి మీ ఆశాలు ఇంటింటికీ తెచ్చిస్తున్నారు. మూడు నిరోధ్‌లు రూపాయి, నెల మాత్రలు రూపాయి, ఎమర్జెన్సీ మాత్ర రెండు రూపాయలు. కండోముల మీద జీఎస్టీ కూడా లేదు. ఇన్ని ఉన్నాయి. కానీ ఇవన్నీ పథకాలు, సర్క్యులర్లు, మార్గదర్శకాలు. బడ్జెట్ ఉంటే వస్తాయి, టెండరు ఆలస్యమైతే ఆగుతాయి. ఆగినప్పుడు మీ సబ్ సెంటర్‌కి వచ్చిన మనిషి "ఇది నా హక్కు" అని చూపించడానికి చట్టంలో ఒక్క సెక్షన్ లేదు.

దాని ఫలితం మన రాష్ట్రాల లెక్కల్లో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నూటికి 38 మంది. తెలంగాణలో 62. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70. దేశం మొత్తం మీద మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. నేను చూసిన అమ్మాయిల్లో ఎంతోమందికి ఇరవై మూడేళ్లకే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ రెండూ అయిపోయేవి. పెళ్లికీ మొదటి కాన్పుకీ మధ్య గానీ, మొదటి కాన్పుకీ రెండోదానికీ మధ్య గానీ ఒక్క పద్ధతీ వాడి ఉండేవాళ్లు కాదు. రక్తం ఎనిమిది గ్రాములు కూడా లేని అమ్మాయి ఏడాది తిరక్కుండా మళ్లీ గర్భంతో వస్తే ఏ డాక్టరుకైనా కోపం వస్తుంది. నాకు ఆ కోపం ఆ పిల్ల మీద ఎప్పుడూ రాలేదు. మధ్యలో వాడే సాధనం ఆమెకి ఎవరూ అందించలేదు.

చట్టం చేసే అధికారం లేదనడానికి లేదు. 1976లో 42వ సవరణతో "జనాభా నియంత్రణ, కుటుంబ నియంత్రణ" అన్న అంశాన్ని ఉమ్మడి జాబితాలో చేర్చారు. పార్లమెంటూ చేయవచ్చు, అసెంబ్లీ కూడా చేయవచ్చు. మన అసెంబ్లీ చేసింది కూడా. 1994లో ఉమ్మడి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే పోటీకి అనర్హులన్నారు. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని తీసేశారు. తీసేయడం మంచిదే. ఆ నిబంధన వల్ల పదవి కోసం మూడో గర్భం తీయించుకోమని భార్య మీద ఒత్తిడి తెచ్చినవాళ్లు ఉన్నారు. కానీ గమనించండి, మూడు దశాబ్దాల పాటు చట్టంలో ఎంతమందిని కనాలో ఉంది, సాధనం అందించడం ప్రభుత్వం బాధ్యత అన్న మాట లేదు. ఇప్పుడు ముఖ్యమంత్రి గారు జనాభా తగ్గిపోతోందని, ఎక్కువమందిని కనమని అంటున్నారు. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి 1.7 పిల్లలే కాబట్టి ఆ ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. కానీ తక్కువ కనమన్న రోజుల్లో బలవంతం తప్పయితే, ఎక్కువ కనమన్న రోజుల్లో సరఫరా ఆపడం కూడా అంతే తప్పు. పథకమైతే విధానం మారగానే మూల పడుతుంది. చట్టమైతే అంత తేలిగ్గా పడదు.

కోర్టులు కొంత చేశాయి. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఆపరేషన్ క్యాంపుల్లో పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. ఆరోగ్య హక్కుల కార్యకర్త దేవికా బిశ్వాస్ వేసిన కేసులో 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు మూడేళ్లలో క్యాంపుల పద్ధతి మానాలని, టార్గెట్లు పెట్టవద్దని చెప్పింది. అయినా 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు, నలుగురు తల్లులు చనిపోయారు. చిన్న పిల్లల్ని ఇంట్లో వదిలి, సాయంత్రానికి వచ్చేస్తామని వెళ్లినవాళ్లు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. వాళ్లలో ఒక్కరికైనా కాపర్-టి గురించి, అంతరా గురించి కూర్చోబెట్టి చెప్పారా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నాకు కావాల్సిన చట్టం పెద్ద పుస్తకం కాదు. ప్రతి సబ్ సెంటర్లో అయిదు రకాల సాధనాలు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే ఎప్పటికి వస్తాయో రాతపూర్వకంగా చెప్పాలి. ప్రతి మెడికల్ షాపులో ఎమర్జెన్సీ మాత్ర ఉండి తీరాలి. అడిగినవాళ్ల పెళ్లి, భర్త, కులం, పిల్లల సంఖ్య ఎవరూ అడగకూడదు. ఆపరేషన్‌కి ముందు మిగతా పద్ధతులు వివరించినట్టు పేషెంటే చెప్పగలగాలి. ఎవరికీ టార్గెట్ ఉండకూడదు. మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు రోడ్డు అడుగుతారు, పింఛను అడుగుతారు. ఇది కూడా అడగండి. ఆడవాళ్లంతా కలిసి వెళ్లి అడగండి.

ఈలోపు మీ చేతిలో ఉన్నవి చెబుతాను. గర్భనిరోధకాల స్టాకు కోసం ఎఫ్‌పీ-ఎల్‌ఎంఐఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతి 2017 నుంచి ఉంది. మీ సబ్ సెంటర్ నర్సు (ఏఎన్ఎం) ద్వారా ఇండెంటు, అంటే సరుకు కావాలన్న కోరిక, అందులో పెట్టించండి, నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. స్టాకు వచ్చిన నెలలో అలవాటున్నవాళ్లకి రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇవ్వండి. ఛాయా విషయంలో మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలని, ఆదివారం మొదలుపెడితే ఆదివారం, బుధవారం అని, ఆ తర్వాతే వారానికి ఒకటని క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి చూపించండి. నోటితో చెబితే రెండో వారానికి మర్చిపోతారు. స్టాకు పదే పదే ఆగుతుంటే ఊళ్లో ఎవరిచేతనైనా సమాచార హక్కు కింద స్టాకు రిజిస్టరు నకలు అడిగించండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్లింది. కిందటేడు పెళ్లయింది, అల్లుడూ అక్కడే. చదువయ్యేదాకా పిల్లలు వద్దనుకుంటున్నారు. అక్కడ అబార్షన్ నిషేధం అంటున్నారు. మరి మాత్రలు కూడా దొరకవా? ఇక్కడి నుంచి పంపాలా? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: పంపనక్కర్లేదండీ. టెక్సాస్‌లో అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధమే, గర్భనిరోధకాలు మాత్రం చట్టబద్ధం. ఓపిల్ అనే రోజువారీ మాత్రను చీటీ లేకుండా అమ్మడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 జులైలో అనుమతించింది, 2024 నుంచి మామూలు షాపుల్లో దొరుకుతోంది. ఎమర్జెన్సీ మాత్రకి కూడా చీటీ అక్కర్లేదు. ఒబామా హయాంలోని ఆరోగ్య చట్టం కింద చాలా ఇన్సూరెన్సులు చీటీ మీద రాసే గర్భనిరోధకాల ఖర్చు పూర్తిగా భరించాలి. అమ్మాయి తన స్టూడెంట్ ఇన్సూరెన్సు కాగితాలు ఒకసారి చూసుకుంటే చాలు. అబార్షన్ దారి మూసుకుపోయిన చోట సాధనం విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి కాబట్టి లూప్ గురించి కూడా డాక్టరుని అడగమనండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలనిపిస్తోంది. అక్కడ గర్భనిరోధకాలు వాడే హక్కు 1965 నాటి గ్రిస్‌వోల్డ్ తీర్పు మీద నిలబడి ఉంది. పెళ్లయినవాళ్లకి అది, కానివాళ్లకి 1972లో ఇంకో తీర్పు. 2022లో అబార్షన్ హక్కును సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, గ్రిస్‌వోల్డ్‌ను కూడా మళ్లీ పరిశీలించాలని జస్టిస్ క్లారెన్స్ థామస్ విడిగా రాశారు. తీర్పు మారినా పోకుండా ఉండాలని గర్భనిరోధక హక్కు బిల్లు తెచ్చారు. 2022 జులైలో ప్రతినిధుల సభలో 228-195తో గట్టెక్కింది. 2024 జూన్‌లో సెనేట్‌లో 51 ఓట్లే వచ్చాయి, 60 కావాలి, ఆగిపోయింది. అక్కడ తీర్పును చట్టం చేసుకోవడానికి కొట్లాడుతున్నారు. మనకి సర్క్యులర్‌ను చట్టం చేయమని అడిగేవాళ్లే కనిపించడం లేదు.

ప్రశ్న: నాకు 34. ఇద్దరు పిల్లలు. రెండు సిజేరియన్లు అయిన నా భార్యకి మళ్లీ ఆపరేషన్ ఎందుకని నేనే వేసెక్టమీ చేయించుకుందామనుకుంటున్నాను. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. బరువులెత్తే పని నాది, బలం తగ్గుతుందా?

జవాబు: తగ్గదు బాబూ. మగతనంలోనూ తేడా రాదు. కోత, కుట్టు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒక వారం బరువులు ఎత్తకు. మూడు నెలల పాటు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని కణాలు లేవని తేలాకే మానేయాలి. ఇందులో తొందరపడినవాళ్లే ఫెయిలయిందని వస్తారు. అమ్మగారి సంతకం అక్కర్లేదు, మీ ఆవిడ సంతకం కూడా అక్కర్లేదు. నీలాంటివాళ్లు నూటికి ఒక్కరు కూడా లేని దేశం మనది. నీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమేసింది.

ప్రశ్న: మూడేళ్ల కిందట ప్రభుత్వ క్యాంపులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండు నెలలు తప్పాయి, టెస్టులో గర్భం అని వచ్చింది. మాకు ముగ్గురు పిల్లలు, కూలి పని. డాక్టరు మీద కేసు వేయాలా? (ఖమ్మం జిల్లా)

జవాబు: కేసు సంగతి తర్వాత. ఈ ఉత్తరం చూసిన రోజే స్కానింగ్ చేయించుకోండి. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే అది ట్యూబులో నిలిచే ప్రమాదం ఎక్కువ. ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనిపించడం ఉంటే ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

గర్భం గర్భసంచిలోనే ఉండి, మీకు వద్దనుకుంటే తీయించుకునే హక్కు చట్టంలో ఉంది. సాధనం విఫలమవడం అందులో రాసి ఉన్న కారణమే. మీ సంతకం చాలు.

పరిహారానికి కోర్టుకి వెళ్లక్కర్లేదు. కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకం కింద ఆపరేషన్ విఫలమైతే 60,000 రూపాయలు ఇస్తారు. విఫలమైందని తెలిసిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఆలస్యం చేసి పోగొట్టుకున్నవాళ్లని చూశాను. కోర్టు సంగతంటారా, హర్యానా కూలి తల్లి సంత్రా కేసులో ఒక వైపు ట్యూబుకే ఆపరేషన్ చేసి రెండోది వదిలేశారని తేలింది, 2000లో సుప్రీంకోర్టు ఆ నిర్లక్ష్యానికి పరిహారం ఇప్పించింది. 2005లో ఇంకో కేసులో మాత్రం, ఆపరేషన్ విఫలమైనంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం అనలేమంది. కాబట్టి నిర్లక్ష్యానికి ఆధారం ఉంటేనే ఆ దారి.

దరఖాస్తుకి ఆపరేషన్ సర్టిఫికెట్, ఒప్పుకోలు పత్రం నకలు, గర్భం తేలిన రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ తీసుకోకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. సర్టిఫికెట్ పోతే ఆపరేషన్ తేదీ చెప్పండి, రిజిస్టరు చూసి నకలు ఇవ్వాలి.